తెరకు అటువైపు

"నలుగురు కుదిరారు మేడమ్. ఐదో మనిషి ఎవరు?" అడిగాడు టీమ్‌లోని టెస్టర్.

టీమ్ లీడ్ బోర్డు ముందు ఆలోచనలో పడింది.

ఆసుపత్రుల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ చేయాలి. ఆమె చేతికొచ్చిన మొదటి టీమ్ ఇది. ఈ పని నిలబడితేనే ఆమె నిలబడుతుంది.

ఆమె టైలరమ్మ కూతురు. ఒకప్పుడు ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా కాలేజీ పేరు విని పెదవి విరిచారు. మాట తీరు విని ముసిముసిగా నవ్వారు. ఈ కంపెనీలో మాత్రం తెర పరీక్ష పెట్టారు. వచ్చినవాళ్లు ఒక గదిలో, పరీక్షించేవాళ్లు ఇంకో గదిలో. పేరు తెలియదు, ముఖం కనబడదు, గొంతు వినబడదు. అంతా కీబోర్డు మీదే.

మధ్యలో ఆమె తడబడింది. 'తొందరేం లేదు. మళ్లీ ప్రయత్నించండి' అని కంప్యూటర్ మీద అక్షరాలు కనబడ్డాయి. ప్రయత్నించింది, గెలిచింది.

"నా ముఖం చూసి ఇచ్చిన ఉద్యోగం కాదమ్మా, నా పని చూసి ఇచ్చారు!" అని తల్లితో ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ తల్లీకూతుళ్లిద్దరూ పొంగిపోయేవారు.

"కిటికీ పక్కన కూర్చునే పెద్దాయన ఖాళీగానే ఉన్నారు. మా సైలెంట్ మోడ్!" నవ్వాడు టెస్టర్.

ఆ పెద్దాయనకు వినబడదు, మాట రాదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటారు. జవాబు ఫోన్‌లో రాసి చూపిస్తారు.

"సరే, ఒక వారం చూద్దాం" అంది.

రోజూ పొద్దున్నే అందరూ నిలబడి, గబగబా నాలుగు మాటలు చెప్పుకుని పనిలో పడటం అక్కడి అలవాటు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ బోర్డు వైపు తిరిగిపోయేది. అటు తిరిగిందంటే ఆయనకు పెదవులు కనబడవు.

మీటింగ్ అయ్యాక ఆయన ఫోన్ చూపించేవారు. 'బోర్డు దగ్గర చెప్పింది అందలేదు. ఇటు తిరిగి మాట్లాడితే చాలండి.'

మొదటిరోజు ఓపిగ్గా మళ్లీ చెప్పింది. మర్నాడు ముక్తసరిగా చెప్పింది. ఆ తర్వాత, "పక్కవాళ్లను అడగండి" అనేసింది.

"నోరుంటే తల కాస్తుందంటారు. ఈయన ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారో!" అన్నాడు టెస్టర్.

ఆమె నవ్వలేదు. తప్పని కూడా అనలేదు.

శుక్రవారం ఆయన్ని పిలిచి, ఈసారి మాత్రం ఎదురుగా తిరిగి చెప్పింది.

"ఏమీ అనుకోకండి. మా పనంతా మాటల మీద నడుస్తుంది. మీతో కుదరదు."

ఆయన ఆమె పెదవుల మీంచి చూపు తిప్పలేదు. ఫోన్ తీసి రాశారు.

'పర్వాలేదమ్మా. మిమ్మల్ని టీమ్ లీడ్‌గా చూశాను. నాకెంతో గర్వంగా ఉంది.'

నేనేం చుట్టాన్నని ఈయనకింత గర్వం, అనుకుంది. అక్కడితో మర్చిపోయింది.

సాయంత్రం మేనేజర్ పిలిపించారు.

"ఐదో మనిషి కుదిరారా?"

"పై అంతస్తు అమ్మాయిని తీసుకుంటాను సార్. పెద్దాయనతో అవ్వలేదు."

మేనేజర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నీకింకో పని అప్పజెప్పాలి. ఇకనుంచి తెర పరీక్ష నువ్వే పెట్టాలి."

ఆమె గుండె ఉప్పొంగింది. "నేనా సార్?"

"ఇన్నాళ్లూ పెట్టినాయన ఇప్పుడే ఉద్యోగం మానేశారు. తన తర్వాత నువ్వే తగినదానివని చెప్పి మరీ వెళ్లారు."

"నన్ను పరీక్షించింది కూడా ఆయనేనా?"

"ఆయనే. నిజం చెప్పాలంటే, తెర తీశాక నీ కాలేజీ పేరు చూసి నేనూ వెనకాడాను. 'ఈ అమ్మాయిని వద్దంటే నేనూ వెళ్లిపోతా'నని భీష్మించుకున్నారు. మొన్న నువ్వు లీడ్ అయినప్పుడు ఆయన ముఖం చూడాలి. సొంత కూతురు గెలిచినంత సంబరం!"

ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. తనను కన్నతల్లి తర్వాత తన కోసం అంతగా నిలబడ్డ మనిషి!

"మరి ఒక్కసారైనా నాతో చెప్పలేదేం సార్?"

"పరీక్ష పెట్టేదెవరో తెలిస్తే సిఫార్సులు మొదలవుతాయని, ఆయన ఇక్కడున్నంతకాలం చెప్పకూడదని రూలు. ఇప్పుడు చెప్పొచ్చు."

"అయితే నంబరివ్వండి సార్, ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఆయన గొంతు ఒక్కసారి వినాలి."

"గొంతు వినడం కుదరదమ్మా" అన్నారు మేనేజర్ నెమ్మదిగా, "నీ టీమ్‌లో చోటు లేదని నువ్వు పంపేసిన ఆ పెద్దాయనే ఆయన."