గోడ దాటని లెట్యూస్

ఒక పెరట్లో పిట్టగోడ పక్కన రెండు తొట్లుండేవి. ఒకదాంట్లో తోటకూర గోడ మీంచి వీధిలోకి తొంగిచూసేంత ఎదిగింది. రెండోదాంట్లో లెట్యూస్ అనే ఆకుకూర, తొట్టి అంచు దాటకుండా పువ్వులా విచ్చుకుని కూర్చుంది.

"నువ్విక్కడ ఉన్నట్టు వీధిలో ఒక్కరికైనా తెలుసా?" అంది తోటకూర.

"ఇంటావిడకి తెలుసు. చాలు," అంది లెట్యూస్.

ఆవిడ రోజూ వచ్చి, చుట్టూ ఉన్న పెద్దాకులు నాలుగు తుంచుకునేది. నడిమి చిగురు జోలికి పోయేది కాదు. తుంచినకొద్దీ కొత్తాకులు వచ్చేవి.

"రోజూ తుంపించుకోవడం కూడా ఒక బతుకేనా! నన్ను చూడు, వీధంతటికీ కనిపిస్తాను," అంటూ తోటకూర తల ఊపింది.

ఆ ఊపు దారిన పోతున్న మేక కంట పడింది. అది ముందుకాళ్ళు గోడకి ఆనించి, పైకి కనిపించిందంతా పరపరా నమిలేసింది. గోడ చాటున ఉన్న లెట్యూస్‌ని చూడనే లేదు.

మర్నాడు మేక మళ్ళీ వచ్చింది. గోడ మీద ఒక్క ఆకూ కనిపించలేదు.

"ఛీ, ఈ పెరట్లో ఏమీ లేదు," అని గొణుక్కుంటూ పోయింది.

అది అబద్ధమని చెప్పాలని లెట్యూస్‌కి అనిపించనే లేదు. ఇంకో ఆకు విప్పుకునే పనిలో ఉంది.