నరసమ్మ వేసిన దెయ్యం వేషం

హైమ కంచంలో పప్పన్నం ముద్దలు చేస్తోంది. ఆరేళ్ల చిన్మయి తలుపు వెనక నక్కి, "నువ్వు పెట్టకు, నువ్వు దెయ్యానివి," అంది.

పిల్ల తప్పు కాదు. పాత నవలలోని బంగళా దెయ్యం కథను గోడకున్న టీవీ తెర రోజూ సాయంత్రం ఇంట్లోవాళ్ల ముఖాలతోనే కొత్తగా తీసి చూపిస్తుంది. ఎవరి ముఖం బాగా అలిసిపోయి ఉంటే వాళ్లే దెయ్యం. నెల రోజులుగా అది హైమే.

"దాన్ని ఆపేయండి," అంది భర్తతో.

"అద్దె ఇంటితో పాటు వచ్చిన తెర. మనం ఆపితే ఆగుతుందా?" అన్నాడు గోపి.

అత్తగారు నరసమ్మ నిట్టూర్చింది. "చిన్నప్పుడు ఈ కథే నలుపు తెలుపులో చూశాను. పెళ్లయ్యాక రంగుల్లో చూశాను. తర్వాత సీరియల్ కూడా తీశారు. అప్పటి దెయ్యాలు సినిమా హాలు గేటు దాటి మన వెంట వచ్చేవి కావే అమ్మాయ్."

మర్నాడు ఆవిడ హైమను పని ముట్టుకోనివ్వలేదు. అంట్లు తోమింది, దుప్పట్లు ఉతికింది, పిండి రుబ్బింది. హైమ అడ్డుపడితే, "డెబ్బై ఐదేళ్లకి వేషం దొరికింది, వెయ్యనీ," అని నవ్వింది.

ఆ సాయంత్రం తెర మీద బంగళా మెట్ల మీంచి తెల్లచీరలో నరసమ్మ దిగింది. చిన్మయి కెవ్వుమని తల్లి ఒళ్లో దూరింది. చాలా రోజులకు తల్లి చేతి ముద్ద నోట్లో పెట్టుకుంది. అంతలో ఎదురుగా కూర్చున్న నాయనమ్మను చూసి నమలడం ఆపేసింది.

కంచంలో ఇంకా సగం అన్నం ఉంది. నరసమ్మ లేచి, చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వీధిలోకి వెళ్లిపోయింది.