ఊగే ముల్లు

దుమ్ముగూడెం సంతలో ఆ ఉదయం నా చేతిలో ఉన్నవి ఒక తక్కెడ, ఆగని వణుకు.

"తక్కెడ ఊపుతున్నవేంది సావుకారీ? నా బంక మళ్ల తూచు," అంది అడవి చెట్ల బంక నాకు అమ్మడానికి తెచ్చిన రామక్క.

జబ్బు మాట ఎత్తకుండా బంక మళ్ళీ తక్కెడలో వేశాను. మోసగాడన్నా వ్యాపారం సాగుతుంది, రోగి అంటే సాగదు.

బయోటెక్ చదువుతున్న నా కూతురు హేమలత ఊరుకోలేదు. "మోసం కాదక్కా, జబ్బు. మెదడులో ఒక ప్రోటీన్‌కు స్థిరమైన రూపం ఉండదు. అట్లుంటేనే మంచిది. అది గడ్డకడితే చెయ్యి వణుకుతది."

"మా చెట్టు బంక లెక్కనే. మందుందా?"

"వణుకు తగ్గించేది ఉంది. గడ్డకట్టకుండా ఆపేది ఇంకా వెతుకుతున్నరు."

"దొరికేదాంక తక్కెడ నేను పట్టుకుంట. నువ్వు ముల్లు చూడు."

అమ్మేవాళ్ల చేతికి నేనెన్నడూ తక్కెడ ఇవ్వలేదు. ఆ రోజు ఇచ్చాను.

సాయంత్రానికి వణుకు నాతోనే మిగిలింది. మళ్ళీ తూచమని మాత్రం ఒక్కరూ అడగలేదు.