మేతకు రాని బాతు

కొల్లేట్లో ఆఖరి పిట్ట కనబడి యాభై ఏళ్లయింది. ఇప్పుడున్నవన్నీ సందర్శకుల కోసం వదిలిన యంత్రపు బాతులే. పొద్దుగూకేసరికి అవి వరసగా ఛార్జింగు స్తంభాల దగ్గరికి చేరతాయి. పడవ నడిపేవాళ్లు ఆ ఛార్జింగునే మేత అంటారు.

ఆ సాయంత్రం ఒక గోధుమరంగు బాతు మాత్రం మేతకు రాలేదు. తూటికాడల చాటున తల ముంచుతూ, లేపుతూ ఉంది. పడవలోంచి కనకరత్నం కాసేపు దాన్నే చూసి, ఆఫీసుకు ఫోను చేసింది.

"సార్, ఇక్కడో బాతు మేస్తా ఉందండి."

"ఏ స్తంభం దగ్గర?" అన్నాడు సూపర్‌వైజర్ ప్రభుదాసు.

"స్తంభం కాదండి, బురదలో."

"బురదలోకి కరెంటొచ్చిందా! ముందు జనాన్ని ఒడ్డెక్కించు!"

ఆమెకు నవ్వాగలేదు. "కరెంటు కాదండీ బాబూ, నత్తల్ని తింటంది."

"నత్తలు ఇరుక్కుంటే మోటారు కాలిపోద్ది. పట్టుకొచ్చి షెడ్డులో ఇచ్చెయ్, విప్పి శుభ్రం చేస్తారు."

కనకరత్నం నవ్వు ఆగిపోయింది. షెడ్డువాళ్లు స్క్రూ కనబడకపోతే కోసైనా విప్పుతారు. ఆమె తెడ్డెత్తి నీళ్ల మీద ఫెడీమని కొట్టింది. బాతు సన్నగా ఈల వేస్తూ లేచిపోయింది. ఆ ఈల విన్నాక గానీ, అది అమ్మమ్మ చెప్పే ఈలబాతని ఆమెకు తెలియలేదు.

"పట్టుకున్నావా?"

"ఎగిరిపోయిందండి."

"మన బాతులు ఎగరవు కదా!"

"అదేనండి, మనది కాదు," అంది కనకరత్నం, ఆకాశంలోకి చూస్తూ. "ఎవరో అచ్చం బాతులాగే చేసి వదిలారు."