గోడకు తిరిగిన పుర్రె

పొద్దుగూకాక ఆఖరి టూరిస్టును కూడా పంపేసి, చర్చి వెనక పుర్రెల గది మూయబోతూ ఆగింది క్రెసెంజ్. పూల బొమ్మలు వేసి పేర్లు రాసిన ఊరివాళ్ల పుర్రెలన్నీ తలుపు వైపు చూస్తున్నాయి. ఆమె మొగుడిది మాత్రం గోడకు తిరిగి ఉంది.

"చచ్చినా అలకేనా, ఓట్మార్? ఆ రోజు మంచులో తెల్లార్లూ తలుపు బాదావు. తీశానా? ఇప్పుడు అలిగితే బతిమాలతానా?"

నవ్వుతూ లోపలికెళ్లి పుర్రెను తన వైపు తిప్పుకుంది.

ఆమె వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"ఎవరదీ? లోపల నేనున్నా!"

ఎంత బాదినా, లోయలో జలపాతం హోరు తప్ప జవాబు లేదు. దీపం ఎత్తి వెనక్కి చూసింది.

ఇప్పుడు పుర్రెలన్నీ గోడకు తిరిగి ఉన్నాయి. ఓట్మార్ ఒక్కడే ఆమెను చూస్తున్నాడు.