మ్యాక్‌లో విండోస్, అత్తగారి పన్ను

పళ్ళ డాక్టరు మౌస్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"విండోస్ కనబడటం లేదు" అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంది మ్యాక్ కంప్యూటరు.

"ఏమైందయ్యా?" అంది కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. ఒక్క నిమిషం."

"పోయినసారీ ఇలాగే ఒక్క నిమిషమన్నావు."

పోయినసారి అతను నొప్పి పన్ను వదిలేసి, పాపం దాని పక్కదాన్ని పీకాడు. ఆ సంగతి ఆవిడ బంధువుల్లో ఒక్కరిని కూడా వదలకుండా చెప్పింది. ఈసారి కూడా తప్పితే ఇక అత్తారింట్లో తలెత్తుకోలేడు. అందుకే ఎక్స్‌రే చూడనిదే పట్టుకారు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆవిడేమో సాయంత్రం బస్సుకి ఊరెళ్ళిపోతోంది.

ఎక్స్‌రే తీయడం అయింది. కానీ దాన్ని చూపించే ప్రోగ్రాము విండోస్‌లోనే నడుస్తుంది. డాక్టరు మాత్రం కొత్త క్లినిక్కుకి అందంగా ఉంటుందని మ్యాక్ కొన్నాడు. కంప్యూటర్ షాపువాళ్ళు లోపల ఇంకో కంప్యూటరున్నట్టు నటించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, అందులో విండోస్‌ని అద్దెకు దింపి మరీ పంపించారు. నిన్నటిదాకా రెండూ మంచి తోడికోడళ్ళలా సర్దుకుపోయాయి.

పొద్దున్నే మ్యాక్ "చోటు చాలడం లేదు" అంది. డాక్టరు వెతికితే లావుపాటి ఫైలు ఒకటి కనిపించింది. ఫొటో కాదు, పాట కాదు, సినిమా అంతకన్నా కాదు. "ఎవరిదీ దండగమారి ఫైలు!" అని దాన్ని లాక్కెళ్ళి చెత్తబుట్ట బొమ్మలో పడేశాడు. ఇల్లు ఊడ్చినంత తృప్తి కలిగింది.

విండోస్ మొత్తం ఆ ఒక్క ఫైలేనని అతనికి తెలియదు.

షాపుకి ఫోన్ చేశాడు.

"మా మనిషి బయల్దేరాడు సార్" అన్నాడు షాపు యజమాని.

ఈలోగా వచ్చిన పేషెంట్లంతా ఉచిత సలహాలు మొదలుపెట్టారు.

"ఆపి మళ్ళీ పెట్టండి" అన్నాడు ఒక పాలవ్యాపారి.

"మా తోడల్లుడైతే వెనక నుంచి ఒక్కటిస్తాడు. దెబ్బకి దారికొస్తుంది" అన్నాడో డ్రైవరు.

డాక్టరుకి తల ప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా అప్పుడొచ్చాడు ఒకాయన. భుజాన సంచి, బుగ్గ మీద చెయ్యి. చెయ్యి తీస్తే ఆ బుగ్గ బంతిలా ఉంది.

"డాక్టర్ గారూ, నేను..."

"చెప్పక్కర్లేదు. చూస్తేనే తెలుస్తోంది. అత్తయ్యా, మీరు కాసేపు పక్కన కూర్చోండి. మీరు రండి సార్."

"అది కాదండీ, ముందు ఆ మ్యాక్ సంగతి..."

"మీరు కూడానా!" డాక్టరు ముక్కుపుటాలు అదిరాయి. "దాని సంగతి చూడ్డానికి వేరే మనిషొస్తున్నాడు. మీరు నోరు తెరవండి."

తెరిచాడు. అంతే, మళ్ళీ మాట్లాడే యోగం లేకపోయింది. సూది దిగింది.

"అల్లుడూ, ఈయనకి ఎక్స్‌రే అక్కర్లేదా?" అంది అత్తగారు అనుమానంగా.

"అక్కర్లేదత్తయ్యా. ఈ పన్ను వీధిలోంచి చూసినా కనిపిస్తుంది."

పీకాడు. పీకాల్సినదాన్నే పీకాడు. అత్తగారు చూసిందో లేదోనని ఓరకంట చూశాడు కూడా.

దూది కరుచుకున్న ఆ పెద్దమనిషి స్క్రీను వైపు చూశాడు. కింద మూలనున్న చెత్తబుట్ట బొమ్మని వేలితో చూపించి "ఊ! ఊ!" అన్నాడు.

డాక్టరు అసలు చెత్తబుట్టే తెచ్చి ముందు పెట్టాడు. "అందులో ఉమ్మండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అరచేతిలో వేలితో రాసి చూపించాడు.

"మందులా? అదే రాస్తున్నా."

చీటీ చేతిలో పడింది. ఆయన ఇంక లాభం లేదని మౌస్ మీద చెయ్యి వెయ్యబోయాడు.

"అయ్యయ్యో, ముట్టుకోకండి! ఇప్పటికే అది నా ప్రాణం తీస్తోంది."

"అల్లుడూ, ఆయనేదో చెప్తున్నాడయ్యా" అంది అత్తగారు.

"మత్తు సూది పడ్డాక అందరూ ఇంతే అత్తయ్యా." డాక్టరు ఆయన్ని లేవదీసి గుమ్మం దాకా నడిపించాడు. "రేపటిదాకా నోరు విప్పకండి. ఇవాళ ఏ పనీ పెట్టుకోవద్దు. నేరుగా ఇంటికెళ్ళి పడుకోండి."

ఆయన మ్యాక్ వైపు ఓసారి జాలిగా చూశాడు. తర్వాత డాక్టరు వైపు అంతకన్నా జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

బస్సు వేళయింది. షాపు మనిషి జాడలేదు.

అత్తగారు లేచి బ్యాగు అందుకుంది. "నేను వెళ్ళొస్తానయ్యా. మా వీధి చివర ఇంకో పళ్ళ డాక్టరున్నాడు. అతని దగ్గర మామూలు కంప్యూటరే ఉంది."

డాక్టరు గబుక్కున ఫోను అందుకున్నాడు. తప్పు తనది కాదని ఆవిడకి తెలియాలి కదా! స్పీకరు పెట్టి మరీ షాపుకి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, నీ మనిషేడీ? నీ మూలంగా మా అత్తగారు నొప్పితో ఊరెళ్ళిపోతున్నారు! ఇంకొకరిని పంపించు."

"ఇంకా రాలేదా సార్? ఈ పని తెలిసింది మా దగ్గర ఆయనొక్కడికే. ఆయన చెయ్యి పడితే చచ్చిన విండోసైనా లేచి కూర్చుంటుంది."

"మరి ఎక్కడ చచ్చాడు?"

"అదే అర్థం కావట్లేదు సార్. పొద్దున బుగ్గ వాచిపోయింది, సెలవు కావాలన్నాడు; ఎలాగూ పళ్ళ డాక్టరు దగ్గరికే పంపిస్తున్నాను కదా, ముందు వాళ్ళ కంప్యూటరు చూసి తర్వాత మీ పన్ను చూపించుకోండని నేనే మీ దగ్గరికి పంపించాను."