కుడివైపు రేడియో

"కొయ్యి," అంది వెర్నా.

లైల్ చేతిలో రంపం కదల్లేదు.

బిల్లింగ్స్ ఊళ్ళో కార్లకు రేడియోలు బిగించే పని అతనిది. మోంటానాలో ఊరు దాటి కాస్త దూరం వెళ్తే చాలు, మామూలు రేడియో గరగరమని మూగబోతుంది. అందుకే శాటిలైట్ రేడియోలు వచ్చినప్పటినుంచీ అతనికి ఊపిరి సలపడం లేదు. పికప్పులకు బిగించాడు, పశువుల్ని తోలే లారీలకు బిగించాడు. ఇలాంటి బండి షెడ్డులోకి రావడం మాత్రం ఇదే మొదలు. నల్ల లింకన్ కారు. మెత్తటి తోలు సీట్లు. డ్యాష్‌బోర్డు ఈ కొసనుంచి ఆ కొసదాకా వాల్‌నట్ చెక్క. దాని మీద ఒక్క గీత లేదు.

బండిని తెచ్చి షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబెట్టిన ఈవిడకు డెబ్బై దాటి ఉంటాయి.

"మేడమ్, ఈ చెక్క కోస్తే మళ్ళీ అతకదు. సెట్టును సీటు కింద దాచేస్తాను. చిన్న తెర మాత్రమే పైకుంటుంది. పాట పేరు, పాడేవాళ్ళ పేరు, అన్నీ రంగుల్లో పడతాయి."

"తెర ఎవరికి కావాలి? అదిగో, ఆ బొత్తాల సెట్టు పెట్టు."

అరలో మూలన పడి ఉన్న పాత మోడల్ అది. లావు లావు బొత్తాలు. ఎవరూ కొనక దుమ్ము కొట్టుకుపోయింది.

"అదా! బండి అందమంతా పోతుంది మేడమ్."

"పోనీ."

"సరే, మీ ఇష్టం. ఎడమవైపు, స్టీరింగ్ పక్కన పెడతాను."

"కాదు. ఇక్కడ." పక్క సీటుకు ఎదురుగా, కుడి చివర చెక్కను వేలితో టకటకా కొట్టింది.

"అక్కడ పెడితే నడిపేవాళ్ళకి అందదే!"

"అందకూడదు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ సీట్లో కూర్చున్నదాన్ని నేను. ఒక్కనాడు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వెయ్యనిచ్చాడా మా ఆయన? ఆదివారం చర్చి ఎగ్గొట్టి మరీ ఈ చెక్కకు నూనె రాసేవాడు. ఇక చాల్లే."

సంగతి లైల్‌కు అర్థమైపోయింది. మొగుడూ పెళ్ళాల తగువులు షెడ్డుకెక్కితే ఎలా ఉంటాయో అతనికి కొత్తకాదు. విడాకులకు ముందు మొగుడి పడవకు చిల్లులు పెట్టించిన మహాతల్లి ఇదే ఊళ్ళో ఉంది.

"బండి ఎవరిది మేడమ్? రేపు నన్ను కోర్టుకీడ్చరు కదా?"

"ఇద్దరిదీ. శనివారం దీన్ని కొనేవాడొస్తున్నాడు. నాతో మాటమాత్రం అనకుండా బేరం పెట్టేశాడు ఆ మనిషి. చెక్క కోసేస్తే కొంటాడా వాడు?"

"ఎందుకు కొంటాడు?"

"అందుకే కొయ్యమంటున్నా."

"మీవారు చూస్తే..."

"ఆయన కంటపడుతుందని నాకేం భయం? చలికాలం నుంచీ ఈ బండి మొహమే చూళ్ళేదు."

సంచిలో ఆవిడ ఫోను మోగింది. చెవికి ఆనించకముందే అవతలి గొంతు షెడ్డంతా వినిపించింది.

"వెర్నా! గరాజ్ తలుపు చప్పుడైంది. నా బండేదీ?"

"నాతో ఉంది."

"నీకు నడపడం ఎక్కడొచ్చు?"

"వచ్చు. నువ్వు గదిలో తలుపేసుకుని మూలుగుతుంటే, నేను పక్కింటి పెగ్గీ దగ్గర నేర్చుకున్నా."

"దాన్నెక్కడా గీకకు! శనివారం దాకా..."

"గీకడమేమిటి ఓరిన్, కోయిస్తున్నా. ఫస్ట్ అవెన్యూలో రేడియోల షెడ్డు. ఆపాలనుంటే వచ్చి ఆపు."

ఫోను మూసి లైల్ వైపు తిరిగింది. "ఇంకా నిలబడ్డావేం?"

కోశాడు. రంపం దిగుతున్నంతసేపూ ఆవిడ మొహం పక్కకు తిప్పుకోలేదు. పొట్టు తోలు సీటు మీద రాలింది. ఊడివచ్చిన చెక్కముక్కను మాత్రం అడిగి తీసుకుని, రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది.

పైకప్పు మీద ఏంటెన్నా అమర్చి, బండిని బయట ఎండలో నిలబెట్టాడు లైల్.

"ఏం పెట్టమంటారు?"

"బేస్‌బాల్. మిన్నెసోటా వాళ్ళ ఆట."

ఆట మొదలై చాలాసేపైనట్టుంది. వ్యాఖ్యాత గొంతు పక్కనే కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా పలికింది.

అప్పుడే ఒక పికప్ వచ్చి ఆగింది. నడుపుతున్న నడివయసావిడ పక్కింటి పెగ్గీ కాబోలు. పక్కన టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన. దిగకుండానే కిటికీలోంచి కేకేశాడు.

"కోశావా?"

"కోశాను. ఇక దీన్ని ఎవడూ కొనడు."

"వెర్నా!"

"వెర్నా లేదు గిర్నా లేదు. ఇంట్లో కూర్చుని చచ్చిపోదామని నీకుందేమో, నాకు లేదు. వేసవికి మిన్నెసోటా పోదామన్నావు. పోతున్నాం."

లైల్ రంపాన్ని మెల్లిగా వీపు వెనక దాచుకున్నాడు.

ముసలాయన ఏదో అనబోయాడు. అంతలో లింకన్‌లో వ్యాఖ్యాత గొంతు పైకి లేచింది. స్టేడియం జనం హోరెత్తిపోయారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, తల కాస్త పక్కకు వంచి విన్నాడాయన. హోరు పూర్తిగా సద్దుమణిగేదాకా విన్నాడు.

"స్కోరెంత?" అన్నాడు చివరికి.

"చెప్పను. ఎక్కి విను."

పికప్ తలుపు తెరుచుకుంది. తన వంతు మర్యాదగా లైల్ ఒక్క గంతులో వెళ్ళి, పెద్దాయన కోసం లింకన్ స్టీరింగ్ వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. వెర్నా అతన్ని తోసుకుంటూ వచ్చి ఆ సీట్లో తాను కూర్చుంది.

ముసలాయన తెల్లకర్రతో నేల తడుముకుంటూ, బండి ముందుభాగం మీద చెయ్యి ఆనించుకుంటూ కుడివైపుకు వచ్చి, ఎక్కి కూర్చుని, ఆ లావు బొత్తాల కోసం వేళ్ళతో వెతుక్కున్నాడు.